కాశ్మీర్ గ్రేట్ లేక్స్ వెళ్ళేవాళ్ళకి: నిచ్నాయ్ దాటకముందే తేల్చుకోవాల్సిన సంగతి

మీరు అడిగింది ఇదీ. మీకు 38, మీ ఆవిడకి 35. ఇద్దరివీ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. అనంతగిరి కొండల్లో ఒకపూట నడక, రెండుసార్లు తిరుమల మెట్లు, అంతకుమించి అనుభవం లేదు. ఆగస్టు మొదటి వారంలో కాశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్ చేద్దామని ఉంది. మీకు కొద్దిగా బీపీ, రోజూ ఒక మాత్ర. మా వల్ల అవుతుందా, ఏమేం కొనాలి, అక్కడ అన్నం దొరుకుతుందా అన్నారు.

అవుతుంది. ఇప్పటినుంచి మూడు నెలలు ఒళ్ళు వంచితే అవుతుంది. అన్నం కూడా దొరుకుతుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి: ఎత్తు పడక జబ్బు చేస్తే ఈ దారిలో కిందికి దిగడం తేలిక కాదు. ఈ దారి గురించి ఎవరు మాట్లాడినా సరస్సుల రంగులు, పూలు, ఫోటోలు అంటారు తప్ప దీన్ని ఎవరూ ఎత్తరు.

నేను విశాఖలో ఉంటాను. ఈ ట్రెక్ 2017లో ఒకసారి, 2022లో ఇంకోసారి చేశాను. మొదటిసారి దారి తెలియక ఇబ్బంది పడ్డాను, రెండోసారి తెలిసీ ఇబ్బంది పడ్డాను.

దారి ఎలా ఉంటుందో ముందు కళ్ళముందు పెట్టుకోండి. శ్రీనగర్ నుంచి 80 కిలోమీటర్ల దూరంలో సోనామార్గ్. అక్కడ ఎక్కడం మొదలుపెట్టి, హర్‌ముఖ్ పర్వతం అవతలివైపు నారానాగ్ అనే ఊళ్ళో దిగుతాం. మొత్తం 70 కిలోమీటర్ల పైచిలుకు నడక, ఆరు రోజులు. విశ్రాంతి రోజు కలిపితే ఏడు. మధ్యలో మూడు పెద్ద కనుమలు. ట్రెక్కర్లు పాస్‌లు అంటారు. నిచ్నాయ్ సుమారు 4,100 మీటర్లు, గడ్‌సర్ సుమారు 4,200, జజ్ సుమారు 4,000. కొలిచేవాళ్ళను బట్టి అంకెలు కాస్త అటూ ఇటూ మారుతుంటాయి, పట్టించుకోకండి. రాత్రి గుడారాలు వేసేది 3,500 నుంచి 3,700 మీటర్ల మధ్య.

ఇప్పుడు అసలు సంగతి. ఎత్తుకు వచ్చే జబ్బుకి, అదే అందరూ ఏఎంఎస్ అంటారే, దానికి నమ్మకమైన మందు ఒక్కటే: కిందికి దిగడం. చాలా ట్రెక్‌లలో ఇది తేలిక. వచ్చిన దారినే వెనక్కి తిరిగితే గంటా రెండు గంటల్లో కిందికి చేరిపోతారు. ఇక్కడ అలా కాదు. నిచ్నాయ్ పాస్ దాటి విషన్‌సర్ సరస్సు దగ్గరికి చేరాక మీరొక గిన్నెలో పడ్డట్టే. వెనక్కి రావాలంటే మళ్ళీ నిచ్నాయ్ ఎక్కాలి. ముందుకి పోవాలంటే అంతకంటే ఎత్తైన గడ్‌సర్ ఎక్కాలి. సరస్సులోంచి వచ్చే వాగు వెంబడి దిగిపోతే? ఆ నీళ్ళు కిషన్‌గంగ లోయలోకి, నియంత్రణ రేఖ వైపు పోతాయి. అది మనలాంటివాళ్ళకి దారి కాదు. అంటే దిగాలన్నా ముందు ఎక్కాలి. తలనొప్పితో, వాంతులతో ఉన్న మనిషి 400 మీటర్లు పైకెక్కితే తప్ప కిందికి చేరడు. జజ్ పాస్ దాటి గంగాబల్ సరస్సుకి చేరేదాకా ఇదే పరిస్థితి. అక్కడినుంచి మాత్రం నేరుగా నారానాగ్‌కి దిగిపోవచ్చు.

అందుకే మీరు తేల్చుకోవాల్సింది ఏ పాస్ మీదా కాదు. మొదటి రాత్రి నిచ్నాయ్ క్యాంపులో పడుకుని లేచాక, రెండో రోజు పొద్దున్న.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సోనామార్గ్ సుమారు 2,700 మీటర్లు, నిచ్నాయ్ క్యాంపు 3,500. ఒక్క రోజులో 800 మీటర్లు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదని కొండల వైద్యం తెలిసిన డాక్టర్లు చెప్పే లెక్క. ఈ ట్రెక్‌లో మొదటి రోజే ఆ లెక్కకి గట్టిగా ఒత్తిడి పడుతుంది. హైదరాబాద్ సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. పొద్దున్నే అక్కడ విమానం ఎక్కి, సాయంత్రానికి సోనామార్గ్ చేరి, తెల్లారి నడక మొదలుపెట్టినవాళ్ళు నిచ్నాయ్‌లో తల పట్టుకుని కూర్చోవడం నేను రెండుసార్లూ చూశాను. నివారణ ఖరీదు ఒక్క రోజు సెలవు. సోనామార్గ్‌లో ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు ఉండండి. మధ్యలో ఉన్న రోజు థాజివాస్ హిమానీనదం వైపు మెల్లగా నడిచి రండి. గుర్రం ఎక్కమని వెంటపడతారు, ఎక్కకండి. నడవడానికే కదా వెళ్ళింది.

2022లో మా బావమరిది నాతో వచ్చాడు. అప్పటికి 41 ఏళ్ళు. విజయవాడలో రోజూ పొద్దున్నే పది కిలోమీటర్లు పరుగెత్తే మనిషి. మొదటి రోజు మా అందరికంటే గంట ముందు క్యాంపుకి చేరాడు. అదే తప్పయింది. ఆ రాత్రి రాజ్మా అన్నం ముట్టుకోలేదు, తల పగిలిపోతోందన్నాడు. తెల్లారి బూటు లేసు కట్టుకోబోయి వాంతి చేసుకున్నాడు. మా గైడు దగ్గర్లోని కంగన్ వైపు మనిషి. బావమరిదిని నేలమీద గీత గీసి, మడమకి బొటనవేలు ఆనిస్తూ నడవమన్నాడు. నడిచాడు, తూలలేదు. తూలితే మెదడులో వాపు మొదలైందని అనుమానించాలి. అంత ముదరలేదు గాని, పైకి మాత్రం పంపేది లేదన్నాడు గైడు. వీడు నన్ను బతిమాలాడు. సెలవు పెట్టాను, విమానం టికెట్లు, బూట్లు అన్నీ కలిపి ఇంత ఖర్చుపెట్టాను, ఇంకో మాత్ర వేసుకుంటే తగ్గిపోతుంది అన్నాడు. గుర్రమిచ్చి, ఒక మనిషిని తోడిచ్చి కిందికి పంపించేశాం. సాయంత్రానికి సోనామార్గ్‌లో కూర్చుని రొట్టెలు తిన్నాట్ట. మాకు ఆ కబురు తెలిసింది ఐదు రోజుల తర్వాత, నారానాగ్ దిగాకే. ఇప్పటికీ ఆ సరస్సుల ఫోటోలు తీస్తే మొహం తిప్పుకుంటాడు.

అదే రోజు పక్క బృందంలో ఇంకొకతనికీ తలనొప్పే. పాస్ దాటాడు. విషన్‌సర్‌లో రాత్రికి ఎక్కువైంది. తెల్లవారుజామున, వానలో, గుర్రం మీద కూర్చోబెట్టి మళ్ళీ నిచ్నాయ్ ఎక్కించి దించారు. బతికి బయటపడ్డాడు. ఆ గుర్రం మీద అతని వాలకం మాత్రం నాకు గుర్తుండిపోయింది.

గుర్తులు తేలికే. తలనొప్పి ఒక్కటే ఉంటే నీళ్ళు తక్కువ తాగడం వల్లో, ఎండ వల్లో కావచ్చు. తలనొప్పితోపాటు తిండి సయించకపోవడం, వికారం, కళ్ళు తిరగడం, మరీ నీరసం, వీటిలో ఏదైనా తోడైతే ఏఎంఎస్ అనే అనుకోండి. ఆ రోజు పైకి పోవద్దు. తగ్గితే మర్నాడు వెళ్ళొచ్చు. ముదిరితే ఆగకుండా దిగాలి. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, పడుకుంటే దగ్గు ఎక్కువవుతుంటే అది ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న సంకేతం. అప్పుడు రాత్రా పగలా అని చూడరు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే, వేలికి పెట్టే ఆక్సీమీటరు అందరూ తెస్తున్నారు. 3,500 మీటర్ల దగ్గర 85 చూపించినా హాయిగా ఉన్నవాళ్ళుంటారు, 90 చూపించి వాంతులు చేసుకునేవాళ్ళుంటారు. అంకెను కాదు, మనిషిని చూడండి. 4,200 మీటర్ల ఎత్తులో మనకి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదాంట్లో దాదాపు 60 శాతమే.

ఏఎంఎస్ రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి. అసలు మందు పేరు అసిటజోలమైడ్. ముందుజాగ్రత్తకి మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి వేసుకోమంటారు. వేళ్ళు చిమచిమలాడతాయి, మాటిమాటికీ ఒంటికి పోవాలనిపిస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా వేసుకోకూడదు. మీ విషయంలో ఇంకొకటుంది. బీపీ మాత్రల్లో కొన్ని కూడా ఒంట్లో నీటిని బయటికి పంపేవే. రెండూ కలిస్తే ఏమవుతుందో మీ డాక్టరే చెప్పాలి. మాత్ర పట్టీ చేత్తో పట్టుకెళ్ళి చూపించండి. ఎలాగూ ట్రెక్ నడిపే సంస్థలు డాక్టరు సంతకంతో ఫిట్‌నెస్ కాగితం అడుగుతాయి. దాన్ని సందు చివర క్లినిక్‌లో ముద్ర కొట్టించుకునే కాగితంలా చూడకండి.

ఇక నెల గురించి. ఆగస్టు మొదటివారం మంచి ఎంపికే. పీర్ పంజాల్ కొండలు నైరుతి మేఘాల్ని చాలావరకు ఆపేస్తాయి కాబట్టి జులై, ఆగస్టుల్లో ఉత్తరాఖండ్ కొండచరియలతో అల్లాడుతున్నా ఇక్కడ నడవొచ్చు. అలాగని వాన ఉండదని కాదు. 2022లో గడ్‌సర్ క్యాంపులో ఒక పగలూ ఒక రాత్రీ గుడారంలోంచి బయటికి రాలేదు. జులై మొదట్లో వెళితే నిచ్నాయ్, గడ్‌సర్ పాస్‌ల మీద మంచు ఉంటుంది, సరస్సుల్లో మంచుగడ్డలు తేలుతుంటాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఆ జారుడు అనవసరం. సెప్టెంబరులో ఆకాశం అద్దంలా ఉంటుంది గాని గడ్డి ఎండి రాగిరంగుకి తిరుగుతుంది, పూలుండవు, రాత్రుళ్ళు గుడారం మీద మంచు పేరుకుంటుంది. నాకైతే సెప్టెంబరే ఇష్టం. మీకు పూలు కావాలి కాబట్టి ఆగస్టు. ఒక్క చిక్కు ఏంటంటే అమర్‌నాథ్ యాత్ర శ్రావణ పౌర్ణమి వరకూ సాగుతుంది. యాత్ర మొదలయ్యే బాల్తాల్ సోనామార్గ్‌కి దగ్గరే. గదులు దొరకవు, రోడ్డు మీద కాన్వాయ్‌ల కోసం ఆపేస్తారు. గది ముందే మాట్లాడుకోండి.

విమానం టికెట్లకంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్‌లో జరిగిన దాడి తర్వాత కాశ్మీర్‌లో చాలా పర్యాటక ప్రదేశాలు మూసేసి, తర్వాత విడతలుగా తెరిచారు. ఏ దారి ఎప్పుడు తెరిచి ఉంటుందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. సంస్థవాళ్ళని కాగితం మీద అడగండి: మా తేదీలకి అనుమతి ఉందా, రాకపోతే డబ్బు ఎంత వెనక్కిస్తారు? దారిలో సైన్యం పోస్టుల దగ్గర పేర్లు రాసుకుంటారు. ఆధార్ అసలు కార్డు, నాలుగు జిరాక్స్ కాపీలు తీసుకెళ్ళండి, ఫోన్లో ఫోటో చూపిస్తే కుదరదు. పోస్టుల్ని ఫోటో తీయకండి, డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

ఏ సంస్థతో వెళ్ళాలి అంటే పేరు చెప్పను. పెద్ద పేరున్న సంస్థతో వెళ్ళి చేదు తిన్నవాళ్ళూ ఉన్నారు, ఊరూపేరూ లేని స్థానిక గైడుతో హాయిగా తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. బేరం ఆడేముందు ఇవి అడగండి. బృందంలో ఎంతమంది? ఆక్సిజన్ సిలిండరు ఎవరి దగ్గర ఉంటుంది, సామాన్ల గుర్రంతోపాటు ముందు వెళ్ళిపోతుందా, లేక గైడు వెంటే ఉంటుందా? మనిషిని మోయడానికి విడిగా గుర్రం ఉందా? నిచ్నాయ్‌లో ఒకరికి బాగోకపోతే వాళ్ళతో ఎవరు దిగుతారు? ఈ చివరి ప్రశ్నకి అవతలివాళ్ళు తడుముకుంటే ఇంకొకరిని చూసుకోండి. 2017లో నేను వెళ్ళిన బృందంలో గైడు ఒక్కడే. అతను దిగితే మిగతా పద్నాలుగుమందీ ఆగిపోవాలి. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం.

సాధన. తిరుమల అలిపిరి దారి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. అది ఎక్కి, పైన కూలబడకుండా దర్శనం క్యూలో నిలబడగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగం: మర్నాడు కూడా అంతే నడవాలి, ఆ మర్నాడూ అంతే. వారంలో నాలుగు రోజులు నడక, పరుగు కలిపి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత 5 కిలోమీటర్లు 40 నిమిషాల్లోపు ఆయాసపడకుండా వెళ్ళగలగాలి. ఆదివారం ఆదివారం మీ అపార్ట్‌మెంట్ మెట్లు, వీపున 8 కిలోల సంచితో గంటసేపు. సంచిలో నీళ్ళ సీసాలు పెట్టుకుంటే మోకాలు నొప్పి చేసినప్పుడు పారబోయొచ్చు. ముఖ్యంగా దిగడం సాధన చేయండి. లిఫ్టులో దిగిపోతే ఉపయోగం లేదు. మనవాళ్ళు అందరూ ఎక్కడానికే తయారవుతారు, ఏడిపించేది చివరిరోజు దిగుడు. గంగాబల్ నుంచి నారానాగ్‌కి ఒక్క రోజులో 1,300 మీటర్ల పైన.

బూట్లు ఇప్పుడే కొనండి, ట్రెక్‌కి వారం ముందు కాదు. చీలమండ కప్పేవి, సాయంత్రం పూట కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, దళసరి మేజోళ్ళు వేసుకుని, ఒక సైజు పెద్దవి. వేసుకుని కనీసం వంద కిలోమీటర్లు తిరగండి. పాతవి ఉన్నాయి, చాలు అనుకునేవాళ్ళు నా కథ వినండి. నా దగ్గర మంచి బూట్లే ఉండేవి. నాలుగేళ్ళు అట్టపెట్టెలో, బీరువాలో భద్రంగా దాచాను. విశాఖ ఉప్పుగాలికి, తేమకి బూటు మధ్యపొరలో ఉండే పాలియురెథేన్ లోపల్లోపలే పొడిపొడి అయిపోతుంది, పైకి కొత్తగానే కనిపిస్తుంది. 2017లో రెండో రోజు నిచ్నాయ్ దిగుతుంటే కుడి అట్ట నోరు తెరిచింది. గంట తర్వాత ఎడమదీ. గుర్రాలవాడు సామాన్లు కట్టే తాడు ముక్క కోసి రెండు బూట్లకీ అడ్డంగా నాలుగు చుట్లు చుట్టి కట్టాడు. మిగతా ఐదు రోజులూ అలాగే నడిచాను. వాడక పాడయ్యే వస్తువుల్లో బూట్లు ఒకటి.

బట్టల విషయంలో ఒక్కటే పట్టుదల. నూలు బట్టలు, జీన్సు వద్దు. తడిస్తే ఆరవు, ఆరకపోతే చలి ఎముకల్లోకి దిగుతుంది. త్వరగా ఆరే టీషర్టులు మూడు, మీద ఫ్లీసు, దాని మీద గాలి ఆడని వానకోటు, రాత్రికి లోపల మెత్త నింపిన వెచ్చటి జాకెట్టు, థర్మల్ జత ఒకటి. ఇదంతా డెకాథ్లాన్‌లో దొరుకుతుంది, ఖరీదైనవి అక్కర్లేదు. పడుకునేటప్పుడు వేసుకునే జత ఏం జరిగినా తడవకూడదు. సంచి పైన తొడిగే వాన కవరుని నమ్మకండి, నీళ్ళు వీపు వైపు నుంచి దిగుతాయి. నేను యూరియా బస్తా లోపల ఉండే మందపాటి పాలిథిన్ సంచి కడిగి పట్టుకెళ్తాను. దాన్ని రక్‌సాక్ లోపల పెట్టి, అందులో బట్టలు వేసి మూతి మెలిపెడితే వాగులో పడినా చుక్క దిగదు. మా ఊళ్ళో అన్నయ్య పొలం నుంచి ఉచితం. చేతికర్రలు రెండు, నుదుటికి కట్టుకునే టార్చి, నల్లద్దాలు, సన్‌స్క్రీన్. చల్లగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానేసినవాళ్ళ ముక్కు మూడోరోజుకి తోలు ఊడుతుంది.

ఇక తిండి. అన్నం పెడతారు, పప్పు, రాజ్మా, ఒక కూర, రొట్టె. 3,700 మీటర్ల దగ్గర నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి, అందుకని కుక్కరు లేకుండా అన్నం ఉడకదు, ఉడికినా మన సన్నబియ్యం తీరు రాదు. మూడోరోజుకి నాలుక చచ్చుబడిపోతుంది. ఎత్తులో ఆకలి మందగిస్తుంది కూడా. అప్పుడు ఆవకాయ పనికొస్తుంది, నేను హాస్యానికి అనట్లేదు. బావమరిది కిందికి దిగిపోయాక అతని వాటా ఆవకాయ కూడా మాకే మిగిలింది, దాంతోనే గడ్‌సర్ వాన దాటించాం. గాజు సీసా వద్దు. ప్లాస్టిక్ డబ్బా, దాన్ని రెండు జిప్ కవర్లలో పెట్టండి. ఎత్తుకి పోయేకొద్దీ డబ్బాలోని గాలి ఉబ్బి నూనెని బయటికి నెడుతుంది, సంచంతా ఆవఘాటు. కరివేపాకు పొడి అయితే ఈ బాధ లేదు. రోజూ మూడు నాలుగు లీటర్ల నీళ్ళు తాగాలి. వాగునీళ్ళు తేటగానే ఉంటాయి గాని పైన వేలకొద్దీ గొర్రెలు మేస్తుంటాయి. కాచినవో, క్లోరిన్ బిళ్ళ వేసినవో తాగండి.

ఆ గొర్రెల యజమానులు గుజ్జర్లు, బకర్వాల్‌లు. ఎండాకాలం మొదట్లో జమ్మూ వైపు పల్లం నుంచి మందల్ని తోలుకుని ఈ పచ్చికబయళ్ళకి వస్తారు, చలి మొదలయ్యేసరికి దిగిపోతారు. మనకి సాహసయాత్ర అయిన పాస్‌లని వాళ్ళ పిల్లలు రబ్బరు చెప్పులతో దాటుతుంటారు. గుడిసెలోకి పిలిచి ఉప్పు టీ ఇస్తే తాగండి. మొదటి గుక్క చారులో పాలు పోసినట్టుంటుంది, రెండోసారికి అలవాటైపోతుంది. ఆడవాళ్ళని అడక్కుండా ఫోటో తీయకండి. వాళ్ళ కుక్కలు మాత్రం మన వీధి కుక్కల్లాంటివి కావు, మంద దగ్గరికి పోతే మీదకి వస్తాయి. పరుగెత్తకుండా నిలబడి, కేకేసి కాపరిని పిలవండి.

సరస్సుల గురించి మీరు ఎలాగూ చదివే ఉంటారు. ఆ పేర్లలోని సర్ మన సరస్సే. విషన్‌సర్ విష్ణువుది, కిషన్‌సర్ కృష్ణుడిది అంటారు. సత్‌సర్ అంటే ఏడు సరస్సులు, ఎండాకాలం చివరికి వాటిలో కొన్ని ఎండిపోతాయి. గాడ్ అంటే కాశ్మీరీలో చేప, అది గడ్‌సర్. ఆ నీళ్ళలో ఏదో జంతువు ఉందని కాపరులు కథ చెబుతారు, గట్టు దగ్గరికి గొర్రెల్ని పోనివ్వరట. ఉందో లేదో గాని దిగి ఈత కొట్టకండి, ఆ చల్లదనానికి ఊపిరి పట్టేస్తుంది. నా ఓటు గడ్‌సర్‌కే. పాస్ మీద నిలబడి వెనక్కి తిరిగితే విషన్‌సర్, కిషన్‌సర్ రెండూ ఒకేసారి కాళ్ళకింద కనిపిస్తాయి. అవతలివైపు దిగాక మోకాలెత్తు పూలలో నడుస్తాం. నీలం గసగసాల పువ్వు రాళ్ళ సందుల్లో ఉంటుంది, గైడుని అడిగితే చూపిస్తాడు. సత్‌సర్ దాటాక పెద్దపెద్ద బండల మీద గంతులేసుకుంటూ పోవాలి, వానరోజైతే అక్కడ మాత్రం తొందర వద్దు. 2022లో మా బృందంలో ఒకరికి కాలు మడత పడింది అక్కడే.

గంగాబల్ కాశ్మీరీ పండితులకి మన గోదావరి లాంటిది, అస్థికలు అక్కడే కలిపేవారు. 5,142 మీటర్ల హర్‌ముఖ్ దాని మీదికి వంగినట్టు ఉంటుంది. ఆ సాయంత్రం అక్కడ కాసేపు ఫోన్ జేబులో పెట్టేయండి. అన్నట్టు ఫోనంటే గుర్తొచ్చింది, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. నడిచే దారిలో అదీ ఉండదు, ఇంట్లో ముందే చెప్పేయండి. మా అమ్మగారు 2017లో నాలుగో రోజుకి సోనామార్గ్ పోలీసుల నంబరు కనుక్కున్నారు.

మీ ఆవిడ మరుగుదొడ్డి గురించి అడగమన్న ప్రశ్నకి జవాబు: దానికి విడిగా ఒక గుడారంలో గొయ్యి తవ్వి పెడతారు, నీళ్ళుండవు, కాగితమే. నెలసరి తేదీలు ఆ వారంలో పడితే వాడినవన్నీ మూతి బిగించే సంచిలో వేసి కిందికి తెచ్చెయ్యాలి. ఎత్తుకీ దానికీ విరోధం ఏమీ లేదు, ఇద్దరు ఆడవాళ్ళు మాతో అలాగే నడిచారు.

తిరుగు ప్రయాణానికి నారానాగ్ దిగిన రోజునే విమానం పెట్టుకోకండి. ఒక రోజు వదలండి. ఏమీ అడ్డంకి రాకపోతే ఆ రోజు నారానాగ్‌లో 8వ శతాబ్దపు శిథిలాలయం చూడొచ్చు. కాశ్మీర్ రాజు లలితాదిత్యుడు కట్టించాడంటారు. ఊటనీళ్ళు నిండిన రాతి కోనేరు కూడా ఉంది. చాలామంది జీపు ఎక్కే తొందరలో దాని పక్కనుంచే వెళ్ళిపోతారు.

ఒకవేళ మూడు నెలల తర్వాత మీ ఇద్దరిలో ఒకరికి ఇంకా నమ్మకం కుదరకపోతే, ఇదే కాశ్మీర్‌లో తర్‌సర్ మర్‌సర్ ఉంది, ఉత్తరాఖండ్‌లో హర్ కీ దూన్ ఉంది. హర్ కీ దూన్‌లో దాటాల్సిన పాస్ లేదు, బాగోకపోతే వెనక్కి తిరిగిన ప్రతి అడుగూ దిగుడే. ముందు అది చేసి మరుసటేడు ఇక్కడికి వచ్చినవాళ్ళు నాకు తెలుసు.

రాయడం మరిచాను. బయల్దేరే ముందు రోజు కాలి గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి. నారానాగ్ దిగుడులో నా బొటనవేళ్ళు రెండూ బూటుకి కొట్టుకుని, గోళ్ళు నల్లబడి ఊడిపోయాయి. కొత్తవి పూర్తిగా రావడానికి మళ్ళీ ఉగాది దాకా పట్టింది.